ఎక్కడిది ఈ మాట?

శ్రోతలకు నమస్కారం.

పరీక్షలు దగ్గరపడితే కాలేజీల పక్కన జిరాక్సు షాపుల్లో స్పైరల్ బైండింగు మిషనుకు తీరికుండదు. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, సెమినార్ పేపరు, మినీ ప్రాజెక్టు... పేరేదైనా చాలా రిపోర్టుల్లో చివరి పేజీ మాత్రం ఒకటే. "రిఫరెన్సెస్" అని లావుపాటి అక్షరాల్లో హెడ్డింగు, దాని కింద గూగుల్ డాట్ కామ్, వికీపీడియా డాట్ ఆర్గ్, యూట్యూబ్ డాట్ కామ్. అంతే. మీ ఇల్లెక్కడ బాబూ అని అడిగితే "బెజవాడ" అని ఊరుకున్నట్టుంది ఇది. పటమటా, భవానీపురమా? ఏ వీధి, ఏ డోర్ నంబరు? పైగా గూగుల్ అసలు ఇల్లే కాదు, ఇంటిదాకా దింపిన ఆటో.

నెట్‌లో సమాచారం ఎలా వెతకాలి, దొరికినదాని మూలం ఎలా రాయాలి అన్నది ఈ పూట విషయం. మన ఊరి ఉదాహరణే ఒకటి తీసుకుందాం.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో విజయవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. పింగళి వెంకయ్య గారు ఆ సమావేశంలో జెండా సమర్పించారనీ, సమావేశం దాన్ని ఆమోదించిందనీ ఎన్నో చోట్ల చదువుతాం. ఎక్కడిది ఈ మాట? వెంకయ్య గారి పేరు, పక్కన జెండా అని తెలుగులో కొట్టి చూడండి. బోలెడు పేజీలు వస్తాయి. నాలుగైదు తెరిచి చూస్తే అన్నిట్లో అవే వాక్యాలు. ఒకరిని చూసి ఒకరు రాసుకున్నవి పది కలిసినా, లెక్కకు ఒక్క ఆధారమే.

కాబట్టి వెతుకులాటను బిగించాలి. కలిసి ఉండాల్సిన మాటల్ని డబుల్ కోట్స్‌లో పెట్టండి, ఆ మాటలు అదే వరసలో ఉన్న పేజీలు ముందుకొస్తాయి. సైట్ అని ఇంగ్లీషులో రాసి, కోలన్ అంటే ఒకదాని మీద ఒకటి రెండు చుక్కలు పెట్టి, వెంటనే జీవోవీ డాట్ ఇన్ అని రాస్తే ప్రభుత్వ సైట్లలోనే వెతుకుతుంది. ఫైల్‌టైప్ అని రాసి, కోలన్ పెట్టి, పీడీఎఫ్ అంటే నివేదికలు, స్కాన్ చేసిన పుస్తకాలు తేలతాయి. అక్కర్లేని మాట ముందు మైనస్ గుర్తు పెడితే ఆ మాట ఉన్న పేజీలు పోతాయి. ఎక్కువమంది తప్పేది ఒక్క చోట. కోలన్ తర్వాత ఖాళీ ఉండకూడదు. మైనస్‌కీ మాటకీ మధ్య కూడా అంతే. ఖాళీ పడిందంటే ఆ గుర్తు పని చేయదు. కొన్ని ఫోన్ కీబోర్డులు ఆ ఖాళీని తామంతట తామే పెట్టేస్తాయి, చూసుకోవాలి.

ఇంతా చేసి ఇంగ్లీషులో "విజయవాడ" అని వెతికితే 1921 నాటి కాగితం దొరకదు. అప్పటి ఇంగ్లీషు రాతల్లో మన ఊరు బెజ్వాడా. మచిలీపట్నం మసులిపటం. కృష్ణా జిల్లా కిస్ట్నా. 1883లో గార్డన్ మెకంజీ రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్ కావాలన్నా "కిస్ట్నా" స్పెల్లింగుతో వెతకాల్సిందే. పాత పేరు తెలియకపోవడం వల్ల "నెట్‌లో ఏమీ లేదు సార్" అనే పిల్లలు చాలామంది.

పాత స్పెల్లింగులతో వెళితే దారి 1921 ఏప్రిల్ 13 నాటి యంగ్ ఇండియా పత్రికకు చేరుతుంది. జాతీయ జెండా గురించి గాంధీజీ స్వయంగా రాసిన వ్యాసం అందులో ఉంది. మచిలీపట్నం జాతీయ కళాశాలకు చెందిన వెంకయ్య గారిని రాట్నం గుర్తుతో నమూనా ఇమ్మని తానే అడిగాననీ, ఆయన ఉత్సాహం కొద్దీ మూడు గంటల్లో జెండా చేతికొచ్చిందనీ, అయితే కమిటీ ముందు పెట్టడానికి కాస్త ఆలస్యమైందనీ గాంధీజీయే చెప్పారు. అంటే ఆ సమావేశం ఆమోదించిందన్న మాట నిలబడదు. వెంకయ్య గారి గొప్పతనానికి దీనివల్ల వచ్చిన లోటేమీ లేదు. మూడు గంటల్లో జెండా తయారైందన్న సంగతి, కాపీ కొట్టిన వంద వ్యాసాల కన్నా ఆయన్ని మనకు దగ్గర చేస్తుంది.

సంఘటనలో ఉన్నవారు అప్పుడే రాసింది ప్రాథమిక ఆధారం. తర్వాతి వాళ్ళు దాని గురించి రాసింది ద్వితీయ ఆధారం. రెండూ కావాలి. ఏది ఏదో మాత్రం తెలియాలి. యంగ్ ఇండియా సంచికలూ, గాంధీజీ రచనల సంపుటాలూ గాంధీ హెరిటేజ్ పోర్టల్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. ఇక్కడ ఒక చిక్కుంది. ఆ సంపుటాలు అచ్చులో 100. తర్వాత వచ్చిన ఎలక్ట్రానిక్ కూర్పులో 98. సంపుటం నంబర్లు రెండిట్లో ఒకటి కావు. ఏ కూర్పో రాయకుండా సంపుటం, పేజీ ఇస్తే చదివేవాడు ఇంకెక్కడో తేలతాడు. పేజీ నంబరుతో ఇంకో మోసం, పీడీఎఫ్ పైన కనిపించే అంకె. ముందుమాట, విషయసూచిక కూడా కలుపుకుని లెక్కపెడుతుంది కాబట్టి అది 37 అంటే కాగితం మీద అచ్చయిన నంబరు 21 కావచ్చు. రిఫరెన్సులో రాయాల్సింది కాగితం మీద ఉన్నది.

అంకెల సంగతికొద్దాం. 2024 సెప్టెంబరు వరద మీద ఇప్పుడు చాలామంది ప్రాజెక్టులు చేస్తున్నారు. బుడమేరుకు గండ్లు పడి సింగ్ నగర్ మునిగిన రోజులవి. ప్రకాశం బ్యారేజీ నుంచి ఎంత నీరు వెళ్ళిందని వెతికితే ఒక వార్తలో ఒక అంకె, ఇంకో వార్తలో ఇంకో అంకె. అవి అబద్ధాలని కాదు. వరద గంట గంటకూ పెరిగింది, ఎవరు ఏ గంటలో రాస్తే ఆ అంకె వేశారు. సెప్టెంబరు 2న పతాక స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కులు వెళ్ళింది. ప్రవాహం అంకె రాసేటప్పుడు తేదీతో పాటు గంట కూడా ఉండాలి. ఇన్‌ఫ్లోనా, అవుట్‌ఫ్లోనా అన్నది కూడా.

వానకూ ఇలాంటి మెలికే ఉంది. వాతావరణ శాఖ లెక్కలో రోజంటే ఉదయం 8:30 నుంచి మర్నాడు ఉదయం 8:30 దాకా. సెప్టెంబరు 1 తేదీ మీద నమోదైన వానలో ఎక్కువ గంటలు ఆగస్టు 31వే. ఇది తెలియక రెండు పట్టికలు పక్కపక్కన పెట్టి, వానకూ వరదకూ తేదీలు కుదరడం లేదని తల పట్టుకుంటారు.

వార్తాపత్రికను మూలంగా ఇచ్చేటప్పుడు పేరు, తేదీ సరిపోవు. తెలుగు దినపత్రికలకు జిల్లా పేజీలు వేరు. గుంటూరు ఎడిషన్‌లో వచ్చిన వార్త హైదరాబాద్ ఎడిషన్‌లో ఉండకపోవచ్చు. ఎడిషన్ పేరు, పేజీ నంబరు రాయండి. ఈపేపర్ లింకులు కొన్నాళ్ళకు తెరుచుకోవు. చూసిన రోజే ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి. మామూలు వెబ్ పేజీ అయితే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో "సేవ్ పేజ్ నౌ" అనే చోట లింకు అతికిస్తే, ఆ రోజు ఆ పేజీ ఎలా ఉందో అలా దాచి కొత్త లింకు ఇస్తుంది. రిఫరెన్సులో పాత లింకు పక్కన దీన్నీ ఇవ్వొచ్చు.

తెలుగులో వెతికేవాళ్ళకు ఇంకో తలనొప్పి ఫాంట్లు. అను వంటి యూనికోడ్ కాని ఫాంట్లలో చేసిన పీడీఎఫ్‌లు కంటికి తెలుగే. కాపీ చేసి అతికిస్తే మాత్రం అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు వస్తాయి. సెర్చ్ ఇంజిన్‌కు కనిపించేవీ ఆ గుర్తులే. అందుకే ఉన్న పుస్తకం కూడా దొరకదు. అలాంటప్పుడు పుస్తకం పేరుతో ఇంగ్లీషు లిపిలో రెండు మూడు స్పెల్లింగులు మార్చి ప్రయత్నించండి. అప్పటికీ దొరక్కపోతే లైబ్రరీకి నడవండి. 1914లో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగిన ఊరు మనది. 1918లో పుట్టిన వేటపాలెం సారస్వత నికేతనంలో పాత పత్రికలు బైండు చేసి ఉంచారు. గుంటూరు నుంచి రైలెక్కితే పూట ప్రయాణం.

వికీపీడియా వాడొద్దని కొందరు మాస్టార్లు గట్టిగా అంటారు. అంత కోపం అక్కర్లేదు. మొదలుపెట్టడానికి అది మంచి చోటు. వ్యాసం అడుగున ఉన్న మూలాల జాబితా చూసి అక్కడికి వెళ్ళండి, ఆ మూలం చదివి దాన్నే ఇవ్వండి. వికీపీడియానే ఇవ్వాల్సి వస్తే "శాశ్వత లింకు" అన్నది నొక్కి ఆ లింకు ఇవ్వాలి. మామూలు లింకు ఇస్తే రేపు ఎవరైనా వ్యాసం మార్చేస్తారు, మీరు చూసింది అక్కడ ఉండదు.

పరిశోధన వ్యాసాలకు గూగుల్ స్కాలర్ ఉంది. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలకు ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి శోధ్‌గంగ ఉంది, పూర్తి పాఠం ఉచితం. ఖరగ్‌పూర్ ఐఐటీ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఉంది. ప్రభుత్వ విద్యాసంస్థల్లో చదివేవాళ్ళు ఇంకోటి కూడా అడగాలి. 2025 జనవరి నుంచి "వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్" పథకం కింద 30 ప్రచురణ సంస్థల జర్నళ్ళు, సుమారు 13,000, చదవడానికి వీలు కల్పించారు. మీ కాలేజీ అందులో ఉందో లేదో లైబ్రేరియన్ గారికి తెలుస్తుంది.

ఇప్పుడు కాపీ మాట. మూలంలో "వరద నీరు లోతట్టు కాలనీలను ముంచెత్తింది" అని ఉందనుకోండి. దాన్ని "వరద జలాలు పల్లపు బస్తీలను జలమయం చేశాయి" అని రాసి సొంతం అనుకుంటారు. చొక్కా గుండీలు మార్చి కొత్త చొక్కా అన్నట్టుంది. సొంత మాటల్లో రాయాలంటే పద్ధతి ఒక్కటే. మూలం చదవండి, మూసేయండి, పక్కనున్నవాడికి చెబుతున్నట్టు రాయండి, తర్వాత తెరిచి అంకెలు, పేర్లు సరిచూసుకోండి. అప్పుడు కూడా మూలం పేరు ఇవ్వాల్సిందే, ఎందుకంటే విషయం వారిది.

యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం, సిద్ధాంత గ్రంథంలో ఇతరుల రాతలతో పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు. 10 దాటి 40 దాకా అయితే గరిష్ఠంగా ఆరు నెలల్లోపు సరిదిద్ది మళ్ళీ ఇవ్వాలి. 40 దాటి 60 దాకా అయితే ఏడాది పాటు మళ్ళీ సమర్పించనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. మూలం చెప్పి కోట్ చేసినవి, రిఫరెన్సుల జాబితా, చట్టాలు, సమీకరణాలు ఈ లెక్కలోకి రావు. దీన్ని చదివి "పది శాతం కొట్టొచ్చట" అనుకునేవాళ్ళున్నారు. సాఫ్ట్‌వేర్ లెక్కపెట్టేది పోలికను. మూలం చెప్పని ఒక పేరా మొత్తం పేపరులో రెండు శాతమే అయినా, గైడు కంటపడితే జవాబు చెప్పుకోవాల్సింది మీరే.

చాట్‌బాట్‌ను రిఫరెన్సులు ఇమ్మంటే చక్కగా ఇస్తుంది. రచయిత, సంవత్సరం, జర్నల్, పేజీలు... అన్నీ ఉంటాయి, కొన్నిసార్లు ఆ వ్యాసం ఒక్కటే ఉండదు. 2023లో న్యూయార్క్ కోర్టులో లాయర్లు ఇలా లేని తీర్పులు చూపించి 5,000 డాలర్లు జరిమానా కట్టారు. పరీక్ష తేలికే. వ్యాసం పేరు కోట్స్‌లో పెట్టి స్కాలర్‌లో వెతకండి. డీఓఐ నంబరు, అంటే వ్యాసానికి గుర్తుగా ఇచ్చే, పదితో మొదలై చుక్క వచ్చే ఆ పొడుగాటి నంబరు, డీఓఐ డాట్ ఆర్గ్ పక్కన స్లాష్ పెట్టి అతికించండి. ఇంకో వ్యాసమో, ఎర్రరో వస్తే ఆ రిఫరెన్సు కొట్టేయండి.

రాసే శైలి మీ శాఖను బట్టి ఉంటుంది. ఇంజినీరింగుకు ఐట్రిపుల్‌ఈ, అందులో చదరపు బ్రాకెట్లో నంబరు. వైద్యంలో వాంకూవర్. సాంఘిక శాస్త్రాల్లో ఏపీఏ, ఇప్పుడు నడుస్తున్నది ఏడో కూర్పు. సాహిత్యానికి ఎంఎల్ఏ. డిపార్టుమెంటు ఏది అడిగితే అది, మొదటి నుంచి చివరిదాకా ఒక్కటే. చేత్తో రాయక్కర్లేదు, జొటెరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పేజీలోని వివరాలు లాగి అమర్చిపెడుతుంది.

ఆ సాఫ్ట్‌వేర్లకు మన ఇంటిపేర్లు మాత్రం తెలియవు. పేరులో చివరి మాటే ఇంటిపేరని వాటి లెక్క. "పింగళి వెంకయ్య" అని ఇస్తే "వెంకయ్య, పి." అని వేస్తాయి, జాబితాలో ఆయన "వ" దగ్గరికి పోతారు. జొటెరోలో ఆ ఎంట్రీ తెరిచి పింగళిని లాస్ట్ నేమ్ గడిలోకి, వెంకయ్యను ఫస్ట్ నేమ్ గడిలోకి మార్చాలి. షేక్, సయ్యద్ వంటివి పేరు ముందున్నప్పుడు ఏది ఇంటిపేరని ఊహించొద్దు, పుస్తకం మీద ఎలా అచ్చయిందో అలాగే పూర్తిగా రాయండి. ఇంగ్లీషు ఇనీషియల్స్ మాత్రమే ఉండి విప్పి చెప్పే దారి లేకపోతే వాటిని కదపకండి.

బైండింగుకిచ్చే ముందు రోజు రాత్రి ఒక పని చేయండి. చివరి పేజీలోంచి ఏవైనా మూడు రిఫరెన్సులు పక్క గదిలో ఉన్నవాడికిచ్చి, ఆ వాక్యం ఉన్న పేజీ తెరిచి చూపించమనండి. ఒక్కోదానికి రెండు నిమిషాలు. వాడు "ఇది ఎక్కడుందిరా?" అని అడిగిన ఎంట్రీని ఆ రాత్రే తిరగరాయండి.

నమస్కారం.