గోధుమ చేను పక్కనున్న మిల్లు పట్నానికి ఎందుకు వచ్చింది?

నమస్తే అండి. అమెరికాలో ఉండే మనవాళ్ల ఇంట్లో చపాతీ పిండి సంచి తిప్పి చూడండి. చాలాసార్లు దాని మీద ‘ప్రొడక్ట్ ఆఫ్ కెనడా’ అని ఉంటుంది. గోధుమ ఎక్కడ పండిందన్నది ఒక సంగతి. దాన్ని ఎక్కడ ఆడించారన్నది వేరే సంగతి. ఇవాళ ఈ రెండోదాని గురించే మాట్లాడుకుందాం.

1870ల్లో అమెరికాలో 20 వేలకు పైగా పిండి మిల్లులుండేవి. మన ఊళ్లో గిర్నీ ఉన్నట్టు అక్కడ వాగు పక్కన ఒక మర, చుట్టుపక్కల రైతుల గోధుమలు. ఇప్పుడు 200 కూడా లేవు.

ముందు యంత్రం మారింది. అమెరికా ఉత్తరాన ఉన్న మిన్నెసోటా రాష్ట్రం వైపు పండే గోధుమ గట్టిది. రాళ్ల మధ్య ఒక్కసారే నలిపితే పొట్టు పొడిపొడై పిండిలో కలిసిపోయేది. ఆ మచ్చల పిండికి ధర పలికేది కాదు. ఆ రాష్ట్రంలోని మిన్నియాపొలిస్ నగరం మిల్లులు దీనికి దారి కనిపెట్టాయి. ముందు బరకగా నలిపి రవ్వ తీయడం, ఆ రవ్వను జల్లెడ మీద ఆడిస్తూ గాలి పంపడం. పొట్టు ఎగిరిపోతుంది, మన అమ్మమ్మలు చేటతో చెరిగినట్టే. మిగిలిన శుభ్రమైన రవ్వను మళ్లీ మెత్తగా ఆడించేవారు. తర్వాత రాళ్లు పోయి రోలర్లు వచ్చాయి. వాగు పక్కన మర పెట్టుకున్నవాడు ఇంత ఖర్చు ఎక్కడ పెట్టగలడు?

పెద్ద మిల్లులోనూ ప్రాణాలకు భరోసా లేదు. 1878 మే 2 సాయంత్రం మిన్నియాపొలిస్‌లోని వాష్‌బర్న్ ‘ఎ’ మిల్లులో గాల్లో తేలే పిండి దుమ్ము అంటుకుని మిల్లు మొత్తం పేలిపోయింది. 18 మంది కార్మికులు చనిపోయారు. పిండి అంటే తెల్లగా, మెత్తగా ఉంటుందనే అనుకుంటాం. గాల్లో నిండితే అది మందుగుండే. రెండేళ్లలో అక్కడే మళ్లీ మిల్లు కట్టారు.

సుమారు 50 ఏళ్లు ప్రపంచ పిండి రాజధాని మిన్నియాపొలిసే. 1930 నాటికి ఆ పేరు న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరానికి పోయింది. అసలు మలుపు మాత్రం రైలు దగ్గర ఉంది. 100 కిలోల గోధుమ ఆడిస్తే మైదా దాదాపు 75 కిలోలే. అలాంటప్పుడు తవుడు కూడా మోసుకుపోవడం దండగ కదా, చేల దగ్గరే ఆడించి పంపొచ్చు కదా అనిపిస్తుంది. కానీ 1960ల మొదట్లో అమెరికాలోని సదరన్ రైల్వే కంపెనీ ‘బిగ్ జాన్’ అనే భారీ వ్యాగన్లు తెచ్చి, ధాన్యం రవాణా రేట్లు 60 శాతం దాకా తగ్గిస్తామంది. ఆ రేట్ల మీద తగాదా అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పిండికి అలాంటి తగ్గింపు లేదు. పైగా పట్నాల్లోని బ్రెడ్ ఫ్యాక్టరీలకు రోజూ ట్యాంకర్లలో పిండి కావాలి. అంతే, మిల్లే జనం దగ్గరికి నడిచింది. 1965లో వాష్‌బర్న్ ‘ఎ’ మిల్లు మూతపడింది. ఇప్పుడు ఆ మిల్లు శిథిలాల్లో మ్యూజియం ఉంది.

మిగిలిన మిల్లుల యజమానులు కూడా తగ్గిపోయారు. 2014లో కాన్‌ఆగ్రా, కార్గిల్, సీహెచ్‌ఎస్ అనే మూడు సంస్థలు తమ మిల్లులను కలిపేసి ఆర్డెంట్ మిల్స్ అనే కంపెనీ పెట్టాయి. అందులో సీహెచ్‌ఎస్ రైతుల సహకార సంస్థ. దాని వాటా 12 శాతం, మిగతా రెండింటిదీ చెరో 44. పోటీ దెబ్బతినకుండా 4 మిల్లులు అమ్మేయమని అమెరికా న్యాయశాఖ షరతు పెట్టింది. వాటిని కొన్న మిల్లర్ మిల్లింగ్ జపాన్‌కు చెందిన నిషిన్ సంస్థది. అంటే మిల్లులు ఒక పెద్ద చేతి నుంచి ఇంకో పెద్ద చేతికే పోయాయి. ఆ షరతు చాలదని నా గట్టి అభిప్రాయం. చిన్న బేకరీ నడిపేవాడు రేటు నచ్చక ఇంకొకరి దగ్గరికి వెళ్దామంటే, ఆ ఇంకొకరు ఎంతమంది మిగిలారు?

అమెరికా, కెనడాల్లో చూస్తున్నవాళ్లు మీ ఇంట్లో పిండి సంచి ఒకసారి చూసి, ఎక్కడ ఆడించినట్టు ఉందో కామెంట్లలో రాయండి.