పాఠ్యపుస్తకంలో ప్రపంచ చరిత్ర: ఏది ఉండాలి, ఏది పోవాలి? (స్టూడియో చర్చ పూర్తి పాఠం)

(హైదరాబాద్ స్టూడియోలో జరిగిన చర్చకు ఇది అక్షర రూపం. ఒకరి మాటపై మరొకరి మాట పడిన చోట్ల వినిపించినంత వరకే రాశాము. ముగ్గురికీ సమాన సమయమని మొదట ప్రకటించారు. ఎవరికి ఎంత దక్కిందో పాఠకులకు తెలుస్తూనే ఉంటుంది.)

వ్యాఖ్యాత: నమస్కారం. జాతీయ స్థాయిలో పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ 2022లో ప్రకటించి, 2023 పుస్తకాల్లో అమలు చేసిన కోతలపై వివాదం ఇంకా చల్లారలేదు. పదో తరగతి విజ్ఞానశాస్త్రం నుంచి జీవపరిణామం, మూలకాల ఆవర్తన పట్టిక పోయాయి. పదకొండో తరగతి ప్రపంచ చరిత్ర నుంచి పారిశ్రామిక విప్లవం అధ్యాయమే పోయింది. ఆధునిక ప్రపంచాన్ని మలిచిన ఘట్టాలను పిల్లలు ఎంత మేరకు చదవాలి, ఆ కథలో మన హైదరాబాద్‌కు చోటెక్కడ అన్నది నేటి చర్చ. ముందుగా డాక్టర్ గారు చెప్పండి.

జీవశాస్త్రవేత్త: కోవిడ్ తర్వాత పిల్లలపై భారం తగ్గించడానికే ఈ కోతలని కారణం చెప్పారు. పరిణామం పన్నెండో తరగతిలో ఉంది కదా అని కూడా అన్నారు. అయితే పదో తరగతి దాటాక జీవశాస్త్రం తీసుకునేవారు కొందరే. ఎంపీసీకో కామర్స్‌కో వెళ్లే విద్యార్థి, 1859లో డార్విన్ ఏమి ప్రతిపాదించాడో బడిలో ఒక్కసారైనా వినకుండానే ఓటరవుతాడు. మందులకు లొంగని క్షయ క్రిములు ఎలా పుట్టుకొస్తాయో తెలియాలంటే ప్రకృతి వరణం, అంటే పరిస్థితులకు తట్టుకున్నవే బతికి సంతతిని పెంచుకోవడం, అర్థం కావాలి. అందుకే 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు బహిరంగ లేఖపై సంతకాలు—

చరిత్ర ఆచార్యుడు: ఆ లేఖ దగ్గరే నాకు అభ్యంతరం ఉంది.

వ్యాఖ్యాత: మీ వంతు వస్తుంది, ప్రొఫెసర్ గారూ.

చరిత్ర ఆచార్యుడు: వచ్చేసరికి విషయం దారి మళ్లుతుంది. డార్విన్ పోయినందుకు లేఖ రాశారు, సంతోషం. పారిశ్రామిక విప్లవం పోయినందుకు అంత గట్టిగా ఎవరు మాట్లాడారు? పదిహేడో శతాబ్దంలో మచిలీపట్నం రేవు నుంచి అద్దకపు బట్టలు ఐరోపాకు వెళ్లేవి. వాటి పోటీకి తట్టుకోలేక లండన్‌లోని పార్లమెంటు 1700లో ఒకసారి, 1721లో మరోసారి చట్టాలు చేసి ఆ బట్టలను అడ్డుకుంది. ఆ రక్షణ దొరికాకే ఇంగ్లండ్‌లోని లాంకషైర్ బట్టల మిల్లులు పుంజుకున్నాయి. ఈ అధ్యాయం చదవని పిల్లవాడు, ఆవిరి యంత్రం వచ్చింది కాబట్టి ఇంగ్లండ్ ధనిక దేశమైందని మాత్రమే అనుకుంటాడు. విజ్ఞానం ఎప్పుడూ రాజ్యం వెనుకే నడిచింది.

జీవశాస్త్రవేత్త: "ఎప్పుడూ" అనేది చాలా పెద్ద మాట.

వ్యాఖ్యాత: ఇక్కడ హైదరాబాద్ సంగతి తీసుకురావాలి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించారు. 1902లో నోబెల్ బహుమతి అందుకున్నారు. బేగంపేటలో ఆ భవనం పక్క నుంచి రోజూ వెళ్తున్నా మనవారిలో చాలామందికి ఈ సంగతి తెలియదు. ఇది ప్రపంచ చరిత్ర పాఠం కావద్దా?

చరిత్ర ఆచార్యుడు: తప్పకుండా కావాలి, కానీ నా వైపు నుంచి. రాస్ ఎవరి ఉద్యోగి? ఇండియన్ మెడికల్ సర్వీసు అధికారి. సైనికులు, తోటల కూలీలు జ్వరాలతో పడిపోతుంటే సామ్రాజ్యం నడవదు. దోమను వెతికించింది ఆ అవసరమే.

జీవశాస్త్రవేత్త: అవసరం ఎవరిదైనా, సూక్ష్మదర్శినిలో కనిపించినది నిజమా కాదా అన్నది పాలకుడు తేల్చలేడు కదా.

ఉపాధ్యాయుడు: నేను ఒక మాట చెప్పవచ్చునా? మా రాష్ట్ర సిలబస్ బడుల్లో పుస్తకాలు రాష్ట్ర సంస్థ ఎస్‌సీఈఆర్‌టీవి, కాబట్టి ఈ కోతలు మమ్మల్ని నేరుగా తాకవు. అయినా అసలు చిక్కు ఒకటే: పరీక్షలో రాని పాఠాన్ని ఎవరూ చెప్పరు, చెప్పినా ఎవరూ వినరు. ఉన్న పీరియడ్లలో ఏ పాఠం తీసి ఏ పాఠం పెట్టాలో—

చరిత్ర ఆచార్యుడు: మాస్టారూ, అది పాలనాపరమైన ప్రశ్న. ముందు సూత్రం తేలాలి.

జీవశాస్త్రవేత్త: సూత్రమే చెబుతాను. ఏ శాస్త్రం బోధించాలో రాజకీయం నిర్ణయిస్తే ఏమవుతుందో చరిత్రే చూపింది. 1925లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో పరిణామం బోధించాడని స్కోప్స్ అనే ఉపాధ్యాయుడికి వంద డాలర్ల జరిమానా వేశారు. సోవియట్ యూనియన్‌లో జన్యుశాస్త్రాన్ని తోసిపుచ్చిన వ్యవసాయవేత్త లైసెంకో మాటే చెల్లింది. అతన్ని వ్యతిరేకించిన, ప్రపంచమంతా తిరిగి విత్తనాలు సేకరించిన శాస్త్రవేత్త వావిలోవ్ 1943లో జైల్లో చనిపోయాడు. 1948లో అక్కడ జన్యుశాస్త్రాన్నే వెలివేశారు. దాని నష్టం—

చరిత్ర ఆచార్యుడు: అమ్మా, మీరు నా వాదననే బలపరుస్తున్నారు!

జీవశాస్త్రవేత్త: లేదండీ, నేను చెప్పేది దానికి సరిగ్గా ఎదురు.

చరిత్ర ఆచార్యుడు: నన్ను పూర్తి చేయనివ్వండి. స్కోప్స్ కేసు తర్వాత అమెరికా బడుల్లోకి డార్విన్‌ను గట్టిగా తిరిగి తెచ్చింది ఎవరు? శాస్త్రవేత్తల లేఖలు కావు, 1957 అక్టోబర్ 4న సోవియట్ ప్రయోగించిన స్పుత్నిక్. భయపడిన అమెరికా మరుసటి ఏడాదే జాతీయ రక్షణ విద్యా చట్టం చేసింది. గమనించండి, విద్యా చట్టం పేరులో రక్షణ! ప్రభుత్వ నిధులతో కొత్త జీవశాస్త్ర పుస్తకాలు రాయించారు, వాటిలో పరిణామానికి పెద్దపీట వేశారు. పరిణామ బోధనను నిషేధించిన ఆ టెనెసీ చట్టం 1967లో గానీ రద్దు కాలేదు. ఎటు చూసినా రాజ్యమే.

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. "రాజ్యం డబ్బిస్తుంది, నిజాన్ని ఇవ్వదు" అన్న డాక్టర్ గారి మాట మాత్రం వినిపించింది. ఈ చర్చలో అందరికంటే సూటిగా అన్న మాట అదే. దాన్ని ఎవరూ అందిపుచ్చుకోలేదు.)

వ్యాఖ్యాత: మళ్లీ హైదరాబాద్‌కు వద్దాం. 1888, 1889 సంవత్సరాల్లో ఇక్కడ క్లోరోఫామ్ కమిషన్లు, అంటే ఆపరేషన్లలో మత్తుకు వాడే క్లోరోఫామ్ ఎంత సురక్షితమో పరీక్షించే బృందాలు, పనిచేశాయి. నిజాం ప్రభుత్వం ఖర్చు పెట్టింది, ఫలితాలపై లండన్ వైద్య పత్రికల్లో వాదోపవాదాలు నడిచాయి. ఇది కూడా—

జీవశాస్త్రవేత్త: క్లోరోఫామ్ గుండెకు హాని చేయదని ఆ కమిషన్ తేల్చింది; ఆ తీర్పు తర్వాత నిలవలేదు. శాస్త్రం తనను తాను సరిదిద్దుకుంటుందని పిల్లలకు చెప్పడానికి మంచి ఉదాహరణే.

వ్యాఖ్యాత: అయినా మన నగరం ప్రపంచ పటంలో ఉంది కదా!

చరిత్ర ఆచార్యుడు: పటంలో ఉండటం కావాలంటే ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ గురించి చెప్పండి. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో సోవియట్ సహకారంతో ఇక్కడ బాలానగర్‌లో మందుల కర్మాగారం వచ్చింది. 1970 పేటెంట్ చట్టం మందు మీద కాక, తయారీ పద్ధతి మీద మాత్రమే పేటెంటు ఇచ్చింది. ఆ కర్మాగారంలో పని నేర్చుకున్నవారే బయటికి వచ్చి సొంత కంపెనీలు పెట్టారు. 1995లో జెనీవా కేంద్రంగా ప్రపంచ వాణిజ్య సంస్థ రావడంతో మాట మారింది, 2005 నుంచి మందుకే పేటెంటు. అటు మాస్కో, ఇటు ఢిల్లీ, ఆపై జెనీవా: ఈ మూడు చోట్ల జరిగిన నిర్ణయాలు లేకుండా బాలానగర్ అర్థం కాదు.

జీవశాస్త్రవేత్త: రసాయనశాస్త్రం లేకుండా కూడా అర్థం కాదు. ఆ శాస్త్రానికి మొదటి మెట్టయిన ఆవర్తన పట్టికనే కదా పదో తరగతి నుంచి తీసేశారు!

ఉపాధ్యాయుడు: నా ప్రశ్నకు జవాబు రాలేదు. ఏది తీయాలి, ఏది పెట్టాలి?

చరిత్ర ఆచార్యుడు: ఏదీ తీయకూడదు.

ఉపాధ్యాయుడు: అయితే పీరియడ్లు ఎక్కడి నుంచి తేవాలండీ?

వ్యాఖ్యాత: సమయం మించిపోయింది. మొత్తం మీద చరిత్రను నడిపేది రాజకీయమేనని, అందులో హైదరాబాద్‌కు గట్టి స్థానం ఉందని ఈ చర్చలో తేలింది.

జీవశాస్త్రవేత్త: అలా ఏమీ తేలలేదండీ.

చరిత్ర ఆచార్యుడు: తేలింది. ఇంకొక్క ఉదాహరణ చెబుతాను, అణుబాంబు సంగతి తీసుకోండి—

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. ఇప్పుడు వార్తలు.