తేలికపాటి స్పోర్ట్స్ కారుకు ఏ చక్రం? మొదటి తరం మియాటాతో ఒక లెక్క

[దృశ్యం: ఎర్రటి మొదటి తరం మియాటా. పక్కనే నేల మీద 14, 15, 17 అంగుళాల చక్రాలు.]

నమస్కారం. స్పోర్ట్స్ కారుకు చక్రాలు మార్చాలనుకునేవారు ముందుగా అడిగే ప్రశ్న, ఎన్ని అంగుళాలు వేయవచ్చు అన్నది. ఆ ప్రశ్నకు సమాధానం కారును బట్టి మారుతుంది కాబట్టి, ఈ వీడియోలో ఒకే ఒక కారును తీసుకుని చివరి వరకు దానితోనే లెక్క వేద్దాం. ఆ కారు మాజ్డా ఎంఎక్స్-5, అంటే అమెరికాలో మియాటాగా పేరుపడిన కారు. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో తొలిసారి ప్రదర్శించిన ఈ రెండు సీట్ల కారు బరువు సుమారు 950 కిలోలు, అమెరికాలో అమ్మిన 1.6 లీటర్ల ఇంజను శక్తి 116 హార్స్‌పవర్. మన దేశపు షోరూముల్లో ఇది దొరకకపోయినా, విదేశాల్లో స్థిరపడి పాత మియాటా కొనుక్కున్న తెలుగువారికి ఈ లెక్కలు నేరుగా పనికివస్తాయి. మిగిలినవారు తమ కారు కొలతలు వేసుకుని ఇదే పద్ధతిలో చూసుకోవచ్చు.

[దృశ్యం: టైరు పక్క గోడ మీద 185/60 ఆర్ 14 అన్న అక్షరాలు.]

ఈ కారు ఫ్యాక్టరీ నుంచి 14 అంగుళాల వ్యాసం, 5.5 అంగుళాల వెడల్పు ఉన్న రిమ్ముతో, 185/60 ఆర్ 14 టైరుతో వచ్చింది. 185 అనేది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. అందులో 60 శాతం, అంటే 111 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు. 14 అంగుళాలకు రెండు వైపుల గోడలనూ కలిపితే టైరు మొత్తం వ్యాసం 577.6 మిల్లీమీటర్లు అవుతుంది. ఈ ఒక్క అంకెను కాగితం మీద రాసి పెట్టుకోండి, ఎందుకంటే గేర్ల నిష్పత్తి, స్పీడోమీటరు, మడ్‌గార్డు లోపలి ఖాళీ, అన్నీ దాని చుట్టూనే అమర్చి ఉన్నాయి.

15 అంగుళాల రిమ్ముకు 195/50 టైరు వేస్తే వ్యాసం 576 మిల్లీమీటర్లు వస్తుంది, అంటే తేడా రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. అదే 17 అంగుళాల రిమ్ముకు 205/40 టైరు వేస్తే వ్యాసం దాదాపు 596కు పెరుగుతుంది. అప్పుడు స్పీడోమీటరు 100 చూపుతున్నప్పుడు టైరు లెక్కన కారు 103 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది, ప్రతి గేరులోనూ లాగే శక్తి మూడు శాతం తగ్గుతుంది, అసలే 116 హార్స్‌పవర్ ఉన్న కారుకు అది చిన్న నష్టమేమీ కాదు. పైగా పక్క గోడ 111 నుంచి 82 మిల్లీమీటర్లకు కుంగిపోతుంది. గుంటలో పడ్డప్పుడు రిమ్మును కాపాడేది ఆ గోడ, దానిలో ఉన్న గాలే. అది పలచబడితే దెబ్బ రిమ్ము అంచుకు తగులుతుంది.

అందుకే నా సలహా, టైరును ముందు ఎంచుకుని, ఆ టైరుకు తగిన రిమ్మును వెతకండి. రోడ్డును పట్టుకునేది టైరు. 14 అంగుళాలలో మంచి స్పోర్ట్స్ టైర్లు ఇప్పుడు అరుదైపోయాయి, 15 అంగుళాలలో 195/50, 205/50 కొలతల్లో ఎంపిక బాగా ఉంది. ఈ రెండు టైర్లూ 7 అంగుళాల వెడల్పు రిమ్ముపై సక్రమంగా కూర్చుంటాయి. కాబట్టి ఈ కారుకు నేను నిస్సంకోచంగా చెప్పే కొలత 15 అంగుళాల వ్యాసం, 7 అంగుళాల వెడల్పు.

[దృశ్యం: పోత చక్రం, ఫ్లో ఫార్మింగ్ చక్రం, ఫోర్జ్‌డ్ చక్రం పక్కపక్కన తూకం మీద.]

ఇక రకం సంగతి. ఉక్కు చక్రం చవక, గట్టి దెబ్బకు పగలకుండా వంగుతుంది, కానీ సాధారణంగా బరువు ఎక్కువ. మామూలు అల్లాయ్ చక్రం కరిగించిన అల్యూమినియాన్ని అచ్చులో పోసి చేసినది. లోహంలో సన్నని రంధ్రాలు మిగిలే అవకాశం ఉంటుంది కనుక, బలం కోసం రిమ్ము గోడను మందంగా ఉంచుతారు. ఫ్లో ఫార్మింగ్‌లో చక్రం ముఖాన్ని పోతపోసి, గొట్టంలా ఉండే వెనుక భాగాన్ని వేడి మీద తిప్పుతూ రోలర్లతో నొక్కి సాగదీస్తారు, కుమ్మరి సారె మీద తిరిగే మట్టిని వేళ్లతో నొక్కి కుండ గోడను పైకి లాగినట్టు. సాగిన లోహం గట్టిపడుతుంది కాబట్టి గోడ పలచగా ఉన్నా నిలబడుతుంది. ఫోర్జ్‌డ్ చక్రంలో పోత పోయడమే ఉండదు. గట్టి లోహపు దిమ్మెను భారీ ప్రెస్సు కింద అణచి ఆకారానికి తెస్తారు, అందుకే అది అన్నిటికంటే బలమైనది, తేలికైనది, ఖరీదైనది. జపాన్‌కు చెందిన రేస్ (Rays) అనే చక్రాల కంపెనీ 1996లో తెచ్చిన టీఈ37 అనే ఫోర్జ్‌డ్ చక్రానికి ఆ పేరులోని 37, 15 అంగుళాల వ్యాసం, 6 అంగుళాల వెడల్పు ఉన్న సైజు బరువైన 3.7 కిలోల నుంచే వచ్చింది.

చక్రంలో తగ్గిన ఒక కిలో బాడీలో తగ్గిన పది కిలోలతో సమానమని చాలామంది చెబుతారు. అది నిజం కాదు. వేగం పెంచేటప్పుడు టైరు ఉపరితలంలో ఉన్న ఒక కిలో రెండు కిలోల భారంగా పనిచేస్తుంది, 15 అంగుళాల రిమ్ము అంచులో ఉన్న కిలో దాదాపు 1.4 కిలోల భారంగా పనిచేస్తుంది, చక్రాన్ని బిగించే మధ్య భాగమైన హబ్ దగ్గర ఉన్నది దాదాపు ఒక కిలోగానే ఉంటుంది. అసలు లాభం వేరే చోట ఉంది. చక్రం స్ప్రింగు కింద ఉండే బరువు. అది తగ్గితే ఎగుడుదిగుడు రోడ్డు మీద టైరు నేలను వదలకుండా వెంటాడగలుగుతుంది. తేలికపాటి కారులో ఈ తేడా స్టీరింగు పట్టుకున్న చేతులకు తెలుస్తుంది. రోజూ తిరిగే కారుకు మంచి ఫ్లో ఫార్మింగ్ చక్రం చాలు. ట్రాక్ మీద తరచూ నడిపేవారికైతే ఫోర్జ్‌డ్ చక్రానికి పెట్టే డబ్బు న్యాయమే. ఏది కొన్నా, జపాన్ అల్లాయ్ చక్రాల ప్రమాణాన్ని సూచించే జేడబ్ల్యూఎల్ ముద్ర ఉందేమో వెనుక వైపు చూడండి. పేరున్న డిజైను నకలును చవకగా దొరికిందని కొనడం మాత్రం నేను ఎవరికీ చెప్పను, విరిగేది ప్రాణం ఆధారపడిన భాగం.

[దృశ్యం: చక్రాన్ని నిలువుగా కోసినట్టు చూపే బొమ్మ. మధ్య గీత, హబ్ తగిలే తలం.]

ఎక్కువ మంది పొరపాటు పడేది ఆఫ్‌సెట్ దగ్గర. రిమ్ము మధ్య గీతకూ, హబ్‌కు తగిలే తలానికీ ఉన్న దూరమే ఆఫ్‌సెట్. ఆ తలం మధ్య గీతకు బయటి వైపు ఉంటే ప్లస్. ఈ కారు ఫ్యాక్టరీ చక్రానికి అది +45 మిల్లీమీటర్లు. 7 అంగుళాల రిమ్మును +35 ఆఫ్‌సెట్‌తో వేస్తే బయటి అంచు పాతదానికంటే 29 మిల్లీమీటర్లు బయటకు, లోపలి అంచు 9 మిల్లీమీటర్లు లోపలికి జరుగుతాయి. ఇది సర్దుకునే కొలత. అదే రిమ్మును సున్నా ఆఫ్‌సెట్‌తో వేస్తే బయటి అంచు 64 మిల్లీమీటర్లు బయటకు వస్తుంది. అప్పుడు మడ్‌గార్డు టైరును కోస్తుంది, బేరింగు మీద భారం పెరుగుతుంది, పవర్ స్టీరింగు లేని కార్లలో ప్రతి గుంటా చేతుల్లోకి తన్నుతుంది. వెడల్పాటి చక్రం బయటకు పొంగి అందంగా కనిపిస్తుందని దీన్ని ఎంచుకునేవారున్నారు, కానీ మాజ్డా ఇంజనీర్లు ఎంతో శ్రద్ధగా తీర్చిన స్టీరింగు అక్కడే పాడవుతుంది, అది నాకు బాధ కలిగిస్తుంది.

మిగిలిన కొలతలు త్వరగా చెబుతాను. నాలుగు బోల్టులు, 100 మిల్లీమీటర్ల పీసీడీ, అంటే బోల్టుల మధ్య బిందువుల గుండా పోయే వృత్తపు వ్యాసం, 54.1 మిల్లీమీటర్ల హబ్ రంధ్రం. కొత్త చక్రం రంధ్రం పెద్దదైతే మధ్యలో రింగు వేయించండి, లేకపోతే అధిక వేగంలో వణుకు రావచ్చు. నట్ల కొన శంకువు ఆకారమా, గుండ్రమా అన్నది చక్రం గుంటతో సరిపోవాలి. 1994లో వచ్చిన 1.8 లీటర్ల కారు ముందు డిస్కు 235 నుంచి 255 మిల్లీమీటర్లకు పెరిగింది, ఇంకా పెద్ద బ్రేకులు వేసినవారు డిస్కును పట్టుకునే కాలిపర్‌కూ చక్రం చువ్వలకూ మధ్య ఖాళీ కొలవక తప్పదు.

[దృశ్యం: టార్క్ రెంచితో నట్లు బిగించడం.]

బిగించేటప్పుడు నట్లను ఎదురెదురుగా, మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కు, అంటే బిగింపు బలానికి, బిగించండి. తరువాత పక్క సీట్లో ఒకరిని కూర్చోబెట్టుకుని, స్టీరింగును రెండు వైపులా చివరి వరకు తిప్పుతూ, స్పీడ్ బ్రేకర్ల మీద నెమ్మదిగా నడిపి చూడండి. మడ్‌గార్డు లోపల ఎక్కడైనా కొత్తగా మెరిసే గీత కనిపిస్తే అక్కడ టైరు తగులుతున్నట్టే. 100 కిలోమీటర్ల తరువాత నట్లను మరోసారి రెంచితో సరిచూడండి.