సెబీ చెక్ గురించి అనుకున్న ఎపిసోడ్

గౌరి: బరంపురం బడా బజార్ నుంచి వింటున్నవాళ్ళకీ, పర్లాకిమిడి, గుణుపూర్ వాళ్ళకీ నమస్కారం. ఈ వారం సెబీ చెక్, అంటే మనం డబ్బు కట్టే ఖాతా అసలుదో కాదో చూసుకోడానికి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ పెట్టిన సదుపాయం. బావా, నీ ఫండు ధరల ఫైలు జోలికి వెళ్ళకు.

సూరి: వెళ్ళను. అప్పడాలాయన ప్రశ్న ఒక్కటి ఉండిపోయింది గానీ.

గౌరి: అదీ ఫైలే కదా!

సూరి: ఆయన అడిగిందేటి? మ్యూచువల్ ఫండు ఖర్చు మనం అమ్మినప్పుడు కోస్తారా అని. కాదు. ఏడాది ఖర్చుని రోజులకి పంచి, ఏ రోజుకారోజు తీసేసి, మిగిలినదాని మీదే ఒక్కో యూనిట్ ధర, అంటే ఎన్‌ఏవీ, వేస్తారు. అందుకే స్టేట్‌మెంట్‌లో కోత లైను కనబడదు.

గౌరి: 2018 నుంచి ఆ ఖర్చు శాతాన్ని, అదే టీఈఆర్‌ని, రోజూ ఫండు సైట్లో పెడుతున్నారు. యాప్‌లోనూ ఉంటుంది.

సూరి: ఏ ప్లాన్‌ది? ఏజెంటు లేని డైరెక్ట్ 0.75 శాతం, ఏజెంటు కమిషన్ కలిసిన రెగ్యులర్ 1.75 అనుకో. లక్ష వేశావు, ఖర్చుకి ముందు ఏటా 12 శాతం పెరిగింది. పదేళ్ళకి ఒకటి సుమారు 2.90 లక్షలు, రెండోది 2.65.

గౌరి: పాతిక వేలు, సరే. కానీ రెగ్యులర్‌లో ఒక మనిషుంటాడు బావా. నామినీ మార్చాలన్నా, పోయినవాళ్ళ యూనిట్లు బదలాయించాలన్నా ఆ కాగితాలు ఎవరు చూస్తారు? నీ ఫైలా?

సూరి: చూసేవాడైతే ఇవ్వొచ్చు. చూస్తున్నాడా?

గౌరి: ...అందరూ చూడరులే.

సూరి: మరి ఫైలు...

గౌరి: వచ్చేశాడు.

సూరి: ఫండు కంపెనీల సంఘం యాంఫీ సైట్లో, అన్ని స్కీముల ఎన్‌ఏవీలూ ఉండే నేవ్‌ఆల్ టెక్స్ట్ ఫైలు. ఎక్సెల్‌లో తెరిస్తే అంతా ఒకే గడిలో పడుతుంది, మధ్యలో ఉన్నది సెమీకోలన్ కాబట్టి. డేటా, టెక్స్ట్ టు కాలమ్స్, డీలిమిటెడ్, సెమీకోలన్. మొదటిది స్కీమ్ కోడ్, చివరిది తేదీ. ఆ తేదీ చూడాలి, మూతపడ్డ స్కీములు పాత తేదీతో అలాగే ఉంటాయి. పేరుతో వెతక్కు. ఏదీ పంచని గ్రోత్ అనుకుని, మధ్యమధ్యలో డబ్బు పంచే ఐడీసీడబ్ల్యూ లైను పట్టుకుంటావు. అది పంచినప్పుడల్లా ఎన్‌ఏవీ ఆ మేరకి పడుతుంది, జనం నష్టమని గోల.

గౌరి: 2021 ఏప్రిల్ దాకా దాన్ని డివిడెండ్ అనేవారు, అదనపు లాభమనుకునేవారు.

సూరి: వాళ్ళ డబ్బే వాళ్ళ చేతిలో పెడితే పండగ చేసుకున్నారు!

గౌరి: అరవకు, మైకు దగ్గరుంది. సెబీ చెక్ గబగబా. 2025 అక్టోబర్ 1 నుంచి ఫండ్లకీ బ్రోకర్లకీ వేరే యూపీఐ ఐడీలు. '@' తర్వాత 'వ్యాలిడ్', ఆ వెంటనే బ్యాంకు పేరు. ఫండైతే ముందు భాగం చివర 'డాట్ ఎంఎఫ్'. చెల్లించేటప్పుడు ఆకుపచ్చ త్రికోణంలో బొటనవేలు గుర్తు. సెబీ వాళ్ళ సారథి యాప్‌లో ఈ సెబీ చెక్ తెరిచి యూపీఐ ఐడీ గానీ, ఖాతా నంబరుతో ఐఎఫ్‌ఎస్‌సీ గానీ కొట్టి సరిచూసుకోవచ్చు. వాట్సాప్ గ్రూపులో ఎవరిదో సొంత ఖాతా ఇచ్చి ఫండుకి కట్టమంటే కట్టొద్దు.

సూరి: సెబీ చెక్ ఖాతా అసలుదో కాదో చెప్తుందంతే. ఫండు లోపల ఏం కొన్నారో చూడాలంటే, నెల ముగిశాక 10 రోజుల్లోగా పెట్టే పోర్ట్‌ఫోలియో ఎక్సెల్ దించుకోవాలి. యాప్ మొదటి పేజీలో కనబడేది పైనున్న కొన్ని కంపెనీలే. బాండ్లలో పెట్టే డెట్ ఫండైతే పదిహేను రోజులకోసారి...

గౌరి: ఆపుతున్నా బావా.

సూరి: ఆ ఎక్సెల్‌లో రెండో షీట్‌లో...