పగటిపూట ఎగిరే చిమ్మట

శ్రోతలకు నమస్కారం. చిమ్మట అనగానే మనకు దీపం చుట్టూ తిరిగే బూడిదరంగు పురుగో, బీరువాలో పట్టుచీరను కొరికేదో గుర్తుకు వస్తుంది. మడగాస్కర్ దీవిలోని సూర్యాస్తమయ చిమ్మటను చూసినవారు మాత్రం దానిని ఆ కోవలో చేర్చడానికి ఒప్పుకోరు. నల్లని రెక్కల మీద ఆకుపచ్చ, బంగారు, ఎరుపు రంగులు మెరుస్తుండగా, వెనుక రెక్కల అంచున తోకలు వేలాడుతుండగా అది పట్టపగలే పూల మీద వాలుతుంది. 1773లో డ్రూ డ్రూరీ అనే ఆంగ్లేయుడు దీనిని వర్ణించినప్పుడు సీతాకోకచిలుకల్లోనే చేర్చాడు. పైగా అది చైనా నుంచో బెంగాల్ నుంచో వచ్చిందని ఆయనకు చెప్పారట! ఆయనను తప్పుపట్టలేం. వాలినప్పుడు ఇది సీతాకోకచిలుక లాగానే రెక్కలను వీపు మీద నిలువుగా జోడిస్తుంది. గుట్టు విప్పేవి మీసాలు. సీతాకోకచిలుక మీసం కొన గుండుసూది తలలా ఉబ్బి ఉంటుంది. దీని మీసం కొనకు వెళ్ళేకొద్దీ సన్నబడుతుంది.

మధ్య, దక్షిణ అమెరికా అడవుల్లోని నీలి మార్ఫో సీతాకోకచిలుకను దీని పక్కన నిలబెట్టి చూద్దాం. రెండింటి మెరుపూ రంగుపదార్థం వల్ల కలిగినది కాదు. మార్ఫో రెక్క మీద ఒక చుక్క ఆల్కహాలు వేస్తే ఆ నీలం ఆకుపచ్చగా మారుతుంది, ఆరిపోగానే మళ్ళీ నీలమవుతుంది. రెక్కను కప్పిన పొలుసుల మీద అలమర అరల్లా పేర్చినట్లున్న అతి సూక్ష్మమైన పొరల మధ్య ఉండే గాలి స్థానంలో ద్రవం చేరడమే దీనికి కారణం. చిమ్మట పొలుసులు వంపు తిరిగి ఉంటాయి కనుక ఒక పొలుసు మీద పడిన వెలుగు పక్క పొలుసును తాకి తిరిగి వస్తుంది, చూసే కోణం మారితే రంగూ మారుతుంది. నా వరకు మార్ఫో నీలం కన్నా ఈ వంపుల పనితనమే గొప్పది.

రంగును వాడుకునే తీరులోనూ ఇవి రెండు దారులు. మార్ఫో రెక్కల అడుగుభాగం గోధుమరంగు. రెక్కలు ముడవగానే ఆ నీలం మాయమై, ఎండుటాకుల్లో కలిసిపోతుంది. చిమ్మటకు దాక్కోవలసిన పని లేదు, దాని రంగులే తినవచ్చేవాటికి ‘నేను విషం’ అనే హెచ్చరిక. దీని గొంగళిపురుగులు మన ఆముదం కుటుంబానికే చెందిన ఓంఫాలియా మొక్కల ఆకులను తిని, వాటిలోని విషాన్ని ఒంట్లో దాచుకుంటాయి, రెక్కలు వచ్చాక కూడా ఆ విషం పోదు.