కుర్రాడా, ఆల్‌స్టారా? 2015లో చికాగో కబ్స్ షార్ట్‌స్టాప్ గొడవ

[తెర మీద: రిగ్లీ ఫీల్డ్. ఇటుక గోడ మీద అల్లుకున్న తీగ. మధ్యాహ్నపు ఎండ.]

2015 ఆగస్టు 7, శుక్రవారం. బేస్‌బాల్ జట్టు చికాగో కబ్స్ సొంత మైదానం. ఎదురుగా అంతకుముందు ఏడాదే వరల్డ్ సిరీస్ గెలిచిన శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్. ఆ రోజు కబ్స్ లైనప్‌లో స్టార్లిన్ కాస్ట్రో పేరు లేదు.

దెబ్బ తగిలిందా? లేదు. జ్వరమా? అదీ కాదు. మేనేజర్ జో మాడన్ కూర్చోబెట్టాడు, అంతే.

2010 నుంచి కబ్స్ షార్ట్‌స్టాప్ (ఒక ఫీల్డింగ్ చోటు, కాసేపట్లో చెబుతాను) అంటే కాస్ట్రోనే. మేజర్ లీగ్‌లో అడుగుపెట్టిన రోజే, మొట్టమొదటి బ్యాటింగ్‌లోనే హోమ్ రన్ (క్రికెట్‌లో సిక్స్ లాంటిది) కొట్టాడు. ఆ ఒక్క ఆటలో ఆరు పరుగులు రాబట్టాడు. మరుసటి ఏడాది నేషనల్ లీగ్ (మేజర్ లీగ్‌లోని రెండు భాగాల్లో ఒకటి, రెండోది అమెరికన్ లీగ్) మొత్తంలో అందరికంటే ఎక్కువ హిట్లు అతనివే, 207. మూడుసార్లు ఆల్‌స్టార్. చేతిలో ఏడేళ్లకి 60 మిలియన్ డాలర్ల కాంట్రాక్టు. వయసు చూస్తే ఇంకా పాతికే.

అతని చోట్లోకి వచ్చింది అడిసన్ రసెల్. 21 ఏళ్ల కుర్రాడు. ఏప్రిల్‌లో మొదటి ఆట ఆడాడు. అప్పటి నుంచి కాస్ట్రో పక్కనే సెకండ్ బేస్ కాస్తున్నాడు. ఓక్లండ్ నుంచి 2014 జులైలో ఇతన్ని తెచ్చుకోవడానికి కబ్స్ ఇద్దరు పిచర్లని (బంతి విసిరేవాళ్లని), జెఫ్ సమార్జాని, జేసన్ హామెల్‌ని వదులుకుంది. అంత ఖరీదు పెట్టి తెచ్చింది సెకండ్ బేస్‌లో నిలబెట్టడానికా అని అభిమానులు అప్పటికే గొణుగుతున్నారు.

మరి ఎవరిని ఆడించాలి? చికాగో ఆ వేసవంతా దీని మీదే రెండుగా చీలింది.

[తెర మీద: మైదానం పటం. సెకండ్ బేస్‌కీ థర్డ్ బేస్‌కీ మధ్య ఒక చుక్క వెలుగుతుంది.]

బేస్‌బాల్ కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. తెలిసినవాళ్లు ఒక్క నిమిషం ఓపిక పట్టండి.

షార్ట్‌స్టాప్ నిలబడేది ఇక్కడ, సెకండ్ బేస్‌కీ థర్డ్ బేస్‌కీ నడుమ. బ్యాటర్లలో ఎక్కువమంది కుడిచేతివాటం. వాళ్లు బలంగా లాగి కొడితే నేల మీద దూసుకొచ్చే బంతి ఇటే వస్తుంది. గట్టిగా తగిలిందంటే గంటకి 160 కిలోమీటర్లు. బ్యాటర్ ఫస్ట్ బేస్‌కి పరిగెత్తాల్సింది 90 అడుగులు, దానికి పట్టేది నాలుగు సెకన్ల పైచిలుకు. ఈ నాలుగు సెకన్లలోనే షార్ట్‌స్టాప్ బంతి దగ్గరికి చేరాలి, పట్టాలి, మైదానం అడ్డంగా ఫస్ట్ బేస్‌కి విసరాలి.

అన్నిటికన్నా కష్టమైన బంతి ఒకటుంది. థర్డ్ బేస్‌మన్‌కీ షార్ట్‌స్టాప్‌కీ మధ్య సందులోకి వెళ్లేది. దాన్ని అందుకోవాలంటే కుడివైపు పరిగెత్తి, గ్లవ్ ఉన్న ఎడమచేతిని ఒంటికి అడ్డంగా తిప్పి పట్టాలి. అప్పటికి ఒళ్లంతా ఫస్ట్ బేస్‌కి దూరంగా జరిగిపోతూ ఉంటుంది. కుడికాలు నేలలో గుచ్చినట్టు ఆపి, ఆ ఒక్క కాలి బలంతో నలభై మీటర్లు విసరాలి. సగం అడుగు ఆలస్యమైతే రన్నర్ క్షేమంగా చేరిపోతాడు.

చేరిపోతే స్కోర్‌బుక్‌లో ఏం రాస్తారు? గొడవంతా పుట్టేది ఇక్కడే.

[తెర మీద: స్కోర్‌బుక్ పేజీ. ఒక గడిలో ‘హిట్’, పక్క గడిలో ‘ఎర్రర్’.]

బంతి గ్లవ్‌కి తగిలి జారిపోయినా, విసిరింది పక్కకి పోయినా, అది ఎర్రర్. మామూలు ప్రయత్నంతో చేయాల్సిన పని చేయలేదని అధికారిక స్కోరర్ రాస్తాడు. కానీ అసలు బంతి దగ్గరికే చేరకపోతే? ఎర్రర్ ఉండదు. బ్యాటర్ ఖాతాలో హిట్ పడుతుంది. ఫీల్డర్ చొక్కాకి మట్టి కూడా అంటదు.

క్రికెట్‌లో జడేజా పాయింట్‌లో ఉంటే బ్యాటర్లు సింగిల్‌కి కదలరు. అలా ఆగిపోయిన పరుగు ఏ స్కోర్‌కార్డులోనూ కనిపించదు. షార్ట్‌స్టాప్ విలువలో పెద్ద ముక్క అలాంటిదే.

కాస్ట్రోని తిట్టేవాళ్ల చేతిలో మాత్రం కనిపించే ఆయుధమే ఉంది: ఎర్రర్లు. 2011లో 29. పైగా అదే ఏడాది ఆగస్టులో ఒక ఆదివారం రాత్రి జాతీయ టీవీలో, పిచర్ బంతి వేస్తుంటే కాస్ట్రో వెనక్కి తిరిగి పొద్దుతిరుగుడు గింజలు నములుతూ కెమెరాకి దొరికిపోయాడు. ‘ఇతనికి ఆట మీద ధ్యాస లేదు’ అనే ముద్ర పడింది. 207 హిట్లు కొట్టిన ఏడాదే అది, గమనించండి. గింజలు గుర్తున్నంతగా హిట్లు ఎవరికీ గుర్తులేవు. నాకైతే ఆ ముద్ర అన్యాయంగానే తోస్తుంది. 21 ఏళ్లకి రోజూ ఆడుతూ, ఏడాదికి దాదాపు 160 ఆటలు నిలబడే పిల్లాడు ఒక బంతికి పక్కచూపు చూశాడని నాలుగేళ్లు మోయించారు.

ఎర్రర్ల సంగతి పక్కన పెడితే, రసెల్‌కీ అతనికీ అసలు తేడా కాళ్లలో ఉంది. బంతి బ్యాట్‌కి తగలగానే రసెల్ వేసే మొదటి అడుగు త్వరగా పడుతుంది, పడాల్సిన దిక్కుకే పడుతుంది. అందుకే అతని క్యాచులు అద్భుతాల్లా కనిపించవు, తేలిగ్గా కనిపిస్తాయి. ఆ ఏడాది కబ్స్ ప్రధాన పిచర్ జేక్ అరియెటా. అతని బంతులకి బ్యాటర్లు ఎక్కువగా నేల మీదకే కొడతారు. అలాంటి పిచర్ వెనక షార్ట్‌స్టాప్ కాళ్లు ఎంత త్వరగా కదిలితే హిట్లు అంతగా తగ్గుతాయి.

[తెర మీద: రెండు పేర్లు, పక్కపక్కన బ్యాటింగ్ సగటు.]

‘మరి బ్యాటింగో?’ అంటారు కాస్ట్రో వైపువాళ్లు. న్యాయమైన ప్రశ్నే. ఆగస్టు మొదటికి కాస్ట్రో సగటు .240 కి దిగువ. అంటే వెయ్యిసార్లకి 240 హిట్లు కూడా లేవు. చాలా దారుణం. అయితే రసెల్ ఆ సీజన్ ముగించింది కూడా .242 తోనే! బ్యాట్ ఒక్కటే చూస్తే కుర్రాడిని ఎక్కించడానికి కారణమే కనపడదు. పైగా కాస్ట్రో అంతకుముందు ఏడాది .292 కొట్టినవాడు. ఇవాళ కాకపోతే రేపు మళ్లీ కొడతాడు, చరిత్ర ఉంది. కుర్రాడికి ఏ చరిత్రా లేదు.

రెండు వర్గాల మాటా నిజమే. అయినా ఇద్దరూ అడుగుతున్న ప్రశ్నే తప్పు. ‘ఇద్దరిలో ఎవరు గొప్ప?’ అని వాళ్లు కొట్టుకుంటున్నారు. మాడన్ ముందున్న లెక్క వేరు. ఎవరిని ఎక్కడికి జరిపితే మొత్తం మీద తక్కువ నష్టం?

ఆ శుక్రవారం జరిగింది చూడండి. క్యాచర్ (క్రికెట్‌లో వికెట్ కీపర్ లాంటివాడు) మిగెల్ మోంటెరో గాయం నుంచి తిరిగొస్తున్నాడు. ఇన్నాళ్లూ క్యాచర్‌గా ఆడుతున్న కైల్ ష్వార్బర్ అనే కొత్త కుర్రాడు బంతిని స్టాండ్స్‌లోకి పంపిస్తున్నాడు, అతన్ని తీసేసే ప్రశ్నే లేదు. కాబట్టి ష్వార్బర్ లెఫ్ట్ ఫీల్డ్‌కి. లెఫ్ట్ ఫీల్డ్‌లో ఉన్న క్రిస్ కోగ్లన్ సెకండ్ బేస్‌కి. సెకండ్ బేస్‌లో ఉన్న రసెల్ షార్ట్‌స్టాప్‌కి. కాస్ట్రో బెంచికి. షార్ట్‌స్టాప్ మార్పు మొదలైంది క్యాచర్ దగ్గర!

జెయింట్స్‌తో ఆ నాలుగు ఆటలూ కబ్స్ గెలిచింది.

తర్వాత కొన్ని రోజులకి మాడన్ కాస్ట్రోకి సెకండ్ బేస్ అప్పజెప్పాడు. మేజర్ లీగ్‌లో అతనెప్పుడూ అక్కడ ఆడలేదు. చూడ్డానికి అద్దంలో బొమ్మలా అదే పని, కానీ డబుల్ ప్లే (ఒకే బంతికి ఇద్దరిని అవుట్ చేయడం) దగ్గర తేడా తెలిసిపోతుంది. షార్ట్‌స్టాప్‌కి తన వైపు వచ్చే రన్నర్ ఎదురుగా కనిపిస్తాడు. సెకండ్ బేస్‌మన్ బంతి అందుకుని ఫస్ట్ వైపు తిరిగేలోపు రన్నర్ పక్కనుంచి కాళ్ల మీదకి జారుకుంటూ వచ్చేస్తుంటాడు. అయితే ఒక వెసులుబాటుంది: ఫస్ట్ బేస్ దగ్గరే, విసురు చిన్నది. అడుగు ఆలస్యమైనా సరిదిద్దుకునే సమయం దొరుకుతుంది. కాస్ట్రో లోటు ఎక్కడుందో సరిగ్గా అక్కడే ఈ చోటు ఉదారంగా ఉంటుంది.

ఆ తర్వాత కాస్ట్రో బ్యాట్ లేచింది. సీజన్ చివరిదాకా .350 దాటించి కొట్టాడు. ఏడాది మొత్తం సగటు .265 కి ఎగబాకింది. బెంచి మీద కూర్చోబెట్టడం వల్ల లేచాడా, షార్ట్‌స్టాప్ భారం దిగడం వల్ల లేచాడా, ఎలాగూ లేచేవాడేనా అన్నది తేల్చడం ఎవరి తరమూ కాదు. ఇరువర్గాలూ ‘మేం చెప్పాం కదా’ అనుకున్నాయి. సెకండ్ బేస్ చోటు పోగొట్టుకున్నది కోగ్లన్. 2009లో నేషనల్ లీగ్ ఉత్తమ కొత్త ఆటగాడు. అతని కోసం ఎవరూ గొంతు చించుకోలేదు.

కబ్స్ ఆ ఏడాది 97 ఆటలు గెలిచి ప్లేఆఫ్స్‌కి వెళ్లింది. అక్కడ మరో మలుపు. సెయింట్ లూయిస్ కార్డినల్స్‌తో మూడో ఆటలో రసెల్ తొడ కండరం పట్టేసింది. నాలుగో ఆటకి షార్ట్‌స్టాప్‌లో హవియెర్ బాయెజ్ దిగాడు. ఇతనూ షార్ట్‌స్టాపే, 2011 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో) కబ్స్ మొదటి ఎంపిక. వచ్చాడు, జాన్ లాకీ బౌలింగ్‌లో మూడు పరుగుల హోమ్ రన్ కొట్టాడు. సిరీస్ కబ్స్ గెలిచింది. ఇద్దరి గొడవ అనుకున్నది ముగ్గురిదని అప్పుడు తేలింది.

(బౌలింగ్ అన్నందుకు క్షమించండి. పిచింగ్. నాలుక క్రికెట్‌ది.)

[తెర మీద: కాలరేఖ, 2015 నుంచి 2023 దాకా.]

మిగతాది గబగబా చెప్పేస్తాను. డిసెంబరులో కాస్ట్రోని న్యూయార్క్ యాంకీస్‌కి పంపేశారు. 2016 వరల్డ్ సిరీస్ ఆరో ఆటలో రసెల్ గ్రాండ్ స్లామ్ (మూడు బేస్‌ల మీదా రన్నర్లుండగా కొట్టే నాలుగు పరుగుల హోమ్ రన్) కొట్టి, ఒక్కడే ఆరు పరుగులు రాబట్టాడు. మరుసటి రాత్రి కబ్స్ 1908 తర్వాత మొదటిసారి ఛాంపియన్ అయింది. కుర్రాడి వర్గం అప్పుడు కాలరెగరేసింది. 2018లో అదే రసెల్‌ని గృహహింస నిబంధనల కింద లీగ్ 40 ఆటలు సస్పెండ్ చేసింది. చాలామంది అభిమానులు అతని పేరు తలవడమే మానేశారు. షార్ట్‌స్టాప్ బాయెజ్‌ది అయింది. 2021లో బాయెజ్ కూడా వెళ్లిపోయాడు. ఆ చోట్లో నికో హోర్నర్ కుదురుకుంటున్నాడు అనుకునేలోపు, 2022 డిసెంబరులో 177 మిలియన్ డాలర్లకి డాన్స్‌బీ స్వాన్సన్‌ని తెచ్చారు. హోర్నర్ సెకండ్ బేస్‌కి జరిగాడు. 2023లో ఇద్దరికీ, ఎవరి చోట్లో వాళ్లకి, గోల్డ్ గ్లవ్ (ఫీల్డింగ్ అవార్డు) వచ్చింది.

[తెర మీద: యాంకీ స్టేడియం, 2004.]

ఇక దీనికి తలకిందులైన కథ. 2004 ఫిబ్రవరిలో టెక్సాస్ రేంజర్స్ నుంచి అలెక్స్ రోడ్రిగెజ్ యాంకీస్‌కి వచ్చాడు. అంతకుముందు రెండేళ్లూ అమెరికన్ లీగ్‌లో షార్ట్‌స్టాప్‌కిచ్చే గోల్డ్ గ్లవ్ అతనిదే. కానీ యాంకీస్‌లో ఆ చోట్లో డెరెక్ జెటర్ ఉన్నాడు, ఏడాది కిందటే కెప్టెన్ అయ్యాడు. గ్లవ్ చూస్తే జరగాల్సింది జెటర్. జరిగింది రోడ్రిగెజ్, థర్డ్ బేస్‌కి.

ఆ తర్వాత జెటర్‌కి ఐదు గోల్డ్ గ్లవ్‌లు ఇచ్చారు. అప్పట్లో అవి పూర్తిగా మేనేజర్లు, కోచ్‌ల ఓట్లతో వచ్చేవి. ఎవరు ఎన్ని బంతుల దగ్గరికి చేరారో లెక్కలు కట్టేవాళ్లు మాత్రం జెటర్‌ని చాలా ఏళ్లు అట్టడుగు దగ్గరే చూపించారు. సందులో బంతి పట్టి గాల్లోకి ఎగిరి విసిరే అతని ఫొటో మీరు చూసే ఉంటారు. అందంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. నా మటుకు నాకు, అంత ఎగరాల్సి రావడంలోనే మొదటి అడుగు ఆలస్యం కనిపిస్తుంది. యాంకీస్ అభిమానులు రాళ్లేస్తే వేయండి.

అటువైపు వాదనా బలమైనదే. సొంత జట్టు కెప్టెన్‌ని, కొత్తగా వచ్చినవాడి కోసం కదిపితే డ్రెస్సింగ్ రూమ్ ఏమవుతుంది? రోడ్రిగెజ్ థర్డ్ బేస్‌లో ఉంటూనే 2005లో, 2007లో లీగ్ ఉత్తమ ఆటగాడు అయ్యాడు కదా? జరిపినందుకు యాంకీస్ పోగొట్టుకున్నది ఎన్ని హిట్లో, ఎన్ని ఆటలో?

2004లో మేనేజర్ జో టోరీ కుర్చీలో మీరుంటే ఎవర్ని జరిపేవాళ్లు? కామెంట్లో రాయండి. పేరొక్కటే రాస్తే లెక్కలోకి రాదు, కారణం కూడా కావాలి.