షికాగో శిల్పాల ముందు ఏం అడగాలి?

(తెరపై: విజయవాడ స్వరాజ్ మైదానం, అంబేడ్కర్ విగ్రహం)

విగ్రహం కనబడగానే మనం అడిగేది "ఎవరిది?" అని. ఇక్కడ, 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల అంబేడ్కర్ ముందు, ఆ ప్రశ్న కూడా అక్కరలేదు. మన కూడళ్లలో విగ్రహానికి పేరుంటుంది, జయంతి ఉంటుంది, ఆ రోజు దండ పడుతుంది. విజయవాడ, గుంటూరుల నుంచి షికాగో వెళ్లిన మన పిల్లలకు అక్కడి శిల్పాల దగ్గర ఈ ప్రశ్న పనికిరాదు. అందుకే ఒక ఫోటో తీసుకుని కదిలిపోతారు. నేను అక్కడ ఉన్నప్పుడు చూసి బాధపడేవాణ్ణి. ఎవరిదని కాదు, దేనితో చేశారు, ఎలా నిలబెట్టారు, ఖర్చు ఎవరు పెట్టారు అని అడగండి.

(తెరపై: డేలీ ప్లాజా)

ఇది ప్రసిద్ధ చిత్రకారుడు పికాసో రూపొందించిన శిల్పం, 1967లో నిలిపారు. ఎత్తు 50 అడుగులు. స్త్రీ ముఖమా, కుక్కా, పక్షా అన్నది నేటికీ తేలలేదు. ఆయన దీనికి పేరూ పెట్టలేదు, లక్ష డాలర్లు ఇవ్వజూపితే తీసుకోనూ లేదు, నగరానికి కానుకగా ఇచ్చేశారు. దగ్గరకు వెళ్లి ఆ గోధుమరంగు చూడండి. అది తుప్పే! ఈ రకం ఉక్కుకు పైన పట్టిన తుప్పు గట్టి పొరగా అంటుకుని, లోపలి లోహాన్ని కాపాడుతుంది. వెనుక ఉన్న భవనానికీ అదే ఉక్కు వాడారు. శిల్పం అడుగున ఏటవాలుగా ఉన్నచోట పిల్లలు జారుడుబల్ల ఆడుకుంటారు. మన దగ్గరైతే పీఠం చుట్టూ కంచె ఉంటుంది. పిల్లలు ఎక్కి ఆడుకోగల శిల్పం ఒక్కటైనా మన ఊళ్లో ఉండాలని నాకు గట్టి కోరిక.

(తెరపై: డియర్‌బార్న్ వీధి, ఎర్రటి ఉక్కు తోరణం)

అదే వీధిలో దక్షిణంగా కొద్ది నిమిషాలు నడిస్తే అమెరికా శిల్పి అలెగ్జాండర్ కాల్డర్ చేసిన 'ఫ్లమింగో'. 1974 నాటిది, 53 అడుగులు. చుట్టూ నల్లటి భవనాలు, మధ్యలో ఈ ఎరుపు. కాళ్ల కిందుగా నడిచి వెళ్లండి. దీనికి డబ్బు అమెరికా కేంద్ర ప్రభుత్వ భవన నిర్మాణ ఖర్చు నుంచే వచ్చింది. తర్వాత 1978లో షికాగో నగరం కూడా, తాను కట్టే భవనాల ఖర్చులో కొంత శాతం కళకు కేటాయించాలని నిబంధన పెట్టుకుంది. అమరావతిలో రాజధాని భవనాలు లేస్తున్న ఈ సమయంలో అలాంటి నిబంధన మనకూ కావాలి. చేయగల చేతులు పక్కనే తెనాలిలో ఉన్నాయి.

(తెరపై: మిషిగన్ అవెన్యూ, కంచు సింహాలు)

తూర్పుకు నడిస్తే ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ అనే కళా మ్యూజియం ముందు 1894 నాటి కంచు సింహాలు. ఆ భవనంలోనే 1893లో వివేకానందుడు ప్రసంగించారు.

(తెరపై: క్లౌడ్ గేట్)

అక్కడి నుంచి ఉత్తరంగా కాస్త నడిస్తే, ముంబయిలో పుట్టిన అనీష్ కపూర్ చేసిన 'క్లౌడ్ గేట్'. 168 స్టెయిన్‌లెస్ స్టీలు పలకలు అతికి, అరగదీసి, మెరుగుపెట్టి 2006లో పూర్తిచేశారు. బరువు దాదాపు వంద టన్నులు. తెనాలి శిల్పశాలల్లో ఇనుప తుక్కు, నట్లు, బోల్టులు అతికి మనిషి రూపం తేవడం చూసినవారికి ఇక్కడి శ్రమ ఇట్టే అర్థమవుతుంది. తెనాలిలో ప్రతి అతుకూ కనిపిస్తుంది, అదే దాని అందం. ఇక్కడ ఒక్కటీ కనిపించదు. చుట్టూ తిరిగి వెతకండి. తర్వాత కిందికి వెళ్లి తలెత్తితే మీ ప్రతిబింబం సాగి, వంగి, పది చోట్ల కనబడుతుంది.

వేలిముద్రలు పడతాయని తాకడానికి సంకోచించకండి. ఆరడుగుల ఎత్తు వరకు రోజుకు రెండుసార్లు చేత్తో తుడుస్తారు.